జర్మనీ అంటే చాలదు, ఊరి పేరు కావాలి

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

వంశవృక్షం గీయడం గురించి మొన్న రాసినదానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. విచిత్రమేంటంటే అడిగినవాళ్లలో చాలామంది మన ఇంటిపేర్ల గురించి కాదు, అమెరికా కోడలి తరఫు గురించో అల్లుడి తరఫు గురించో అడిగారు. అందులోనూ జర్మన్ మూలాలవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్లకే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను రిటైరైన హెడ్మాస్టర్‌ని. మా అబ్బాయి నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో ఉద్యోగం చేస్తున్నాడు, కోడలు అక్కడి అమ్మాయే. మనవడికి బళ్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారట. మా వైపు ఏడు తరాలు, ఇంటిపేరు, గోత్రం, పరకాల దగ్గర మా పాత ఊరు, అన్నీ నేనే రాసి పంపించాను. వియ్యంకుల వైపు మాత్రం 1880ల్లో జర్మనీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర ఆగిపోయింది. పాత బైబిల్లో ఆయన పేరు పక్కన 'ప్రష్యా' అని ఉంది, అంతే. న్యూయార్క్ రేవులో వలసవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో క్లర్కు తమ ఇంటిపేరు మార్చేశాడని వియ్యంకుడు గారు చెప్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? - హనుమకొండ

జవాబు: సార్, మీ వైపు ఉన్నది, వాళ్ల వైపు లేనిది ఒక్కటే: ఊరి పేరు. అది దొరికేదాకా జర్మనీ రికార్డుల జోలికే పోవద్దు. ఎందుకంటే అక్కడ దేశం మొత్తానికి కలిపి పాత జనన మరణాల పట్టిక అంటూ ఏదీ లేదు. ఏ ఊరి పుట్టుక ఆ ఊరి చర్చి పుస్తకంలో ఉంటుంది, తర్వాతి కాలానిదైతే ఆ ఊరికి సంబంధించిన రిజిస్ట్రార్ ఆఫీసులో, అంటే వాళ్లు స్టాండెస్‌ఆమ్ట్ అనే చోట ఉంటుంది. ప్రష్యాలో ఈ ఆఫీసులు 1874 అక్టోబరు 1న మొదలయ్యాయి, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1 నుంచి. మీ వియ్యంకుల పెద్దాయన 1880ల్లో పెద్దవాడయ్యాకే ఓడెక్కి ఉంటే పుట్టింది అంతకుముందే కదా, అంటే ఆయన పుట్టుక చర్చి పుస్తకంలోనే ఉండాలి, అది ఏ ఊరి చర్చో తెలియకపోతే చేసేదేం లేదు.

ఇక ప్రష్యా అన్న మాట పెద్దగా పనికొచ్చేది కాదు. 1871 దాకా జర్మనీ ఒక్క దేశంగా లేదు. ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబర్గ్, బాడెన్, మెక్లెన్‌బుర్గ్ అని వేర్వేరు రాజ్యాలు. ఒక్క ప్రష్యానే పడమట రైన్ నదికి అవతల నుంచి తూర్పున ఇప్పటి పోలండ్, లిథువేనియా ప్రాంతాల దాకా ఉండేది.

ఆ ఊరి పేరు ఎక్కడ దొరుకుతుందంటే జర్మనీలో కాదు, అమెరికాలోనే. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు పని చేసేది చర్చి. ఆయన దిగాక ఏ చర్చిలో పెళ్లి చేసుకున్నాడు, పిల్లలకు ఎక్కడ బాప్తిస్మం ఇప్పించాడు, ఎక్కడ పూడ్చారు అన్నది వియ్యంకుడు గారిని కనుక్కోమనండి. జర్మన్ లూథరన్ పాస్టర్లు తమ దగ్గర పెళ్లయినా చనిపోయినా సొంత ఊరి పేరు రాసే అలవాటున్నవాళ్లు. అదే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మరణ ధ్రువపత్రంలో 'జర్మనీ' అని ఒక్క ముక్క ఉంటుంది. సమాధి రాయి చూడండి, పాతవాటిమీద జర్మన్‌లోనే పుట్టిన ఊరు చెక్కించినవాళ్లు ఉన్నారు. ఆ పల్లెలో జర్మన్ పత్రిక వచ్చేదేమో చూసి, ఆయన చనిపోయిన వారం సంచికలో సంతాప వార్త వెతకండి.

ఇంట్లో ఉన్నవాటిని కూడా ఊరికే తిరగేయొద్దు. పాత ఫోటోలు మందపాటి అట్టకు అంటించి ఉంటాయి కదా, ఆ అట్ట అడుగునో వెనకనో ఫోటో తీసిన స్టూడియో పేరు, పట్టణం పేరు బంగారు అక్షరాలతో అచ్చేసి ఉంటాయి. బొమ్మను స్కాన్ చేసి దాచుకుంటారు, వెనక వైపు ఎవరూ స్కాన్ చేయరు. ఆ పెద్దాయన తల్లిదండ్రుల ఫోటో ఒకటి జర్మనీ నుంచి వచ్చిందైతే, వాళ్ల ఊరు ఆ పట్టణం చుట్టుపక్కలే అయ్యుంటుంది.

తర్వాత జనగణన. 1900 జనగణనలో ఏ సంవత్సరం వలస వచ్చాడో రాశారు. 1910లో, 1920లో మాతృభాష కూడా అడిగారు. (1890ది అడక్కండి, 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏమీ మిగల్లేదు.) పుట్టిన దేశం రష్యా అనీ మాతృభాష జర్మన్ అనీ కనబడితే కంగారు పడొద్దు, అది తప్పు కాదు. కేథరీన్ మహారాణి 1763లో పిలిస్తే వెళ్లి వోల్గా నది ఒడ్డున స్థిరపడ్డ జర్మన్ల పిల్లలు, మనవళ్లు 1870ల నుంచి నెబ్రాస్కాకూ కాన్సాస్‌కూ వచ్చారు. అలా తేలితే రష్యా జర్మన్ల చరిత్ర సంఘం ఆఫీసు లింకన్‌లోనే ఉంది, మీ అబ్బాయి ఇంటి నుంచి గంట ప్రయాణం.

పౌరసత్వం కాగితాల మీద మరీ ఆశ పెట్టుకోకండి. 1906 సెప్టెంబరు తర్వాతివైతే పుట్టిన ఊరు, తేదీ, ఓడ పేరు అన్నీ ఉంటాయి. అంతకు ముందువి ఏ కోర్టుకు నచ్చినట్టు ఆ కోర్టు రాసుకున్నవి, చాలావాటిలో ఫలానా రాజుకు విధేయత వదులుకుంటున్నానన్న మాట తప్ప ఏమీ ఉండదు. కానీ నెబ్రాస్కా కాబట్టి ఒకటి ఉంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి తీసుకోవాలంటే పౌరుడై ఉండాలి, కనీసం పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి ఉండాలి, ఆ రుజువు భూమి ఫైలులో జత చేసేవాళ్లు. ఆ ఫైళ్లు వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇంట్లో భూమి హోమ్‌స్టెడ్‌గా వచ్చిందని చెప్పుకుంటుంటే ఫైలు తెప్పించాల్సిందే. సాక్షులుగా సంతకం పెట్టిన పక్క పొలాలవాళ్ల పేర్లు కూడా రాసుకోండి. ఒక్కడు వెళ్లి కుదురుకున్నాక ఊళ్లోవాళ్లు వరసగా వెళ్లడం అప్పుడూ ఉంది. ఆయన ఊరు దొరక్కపోయినా ఆయన తమ్ముడిదో, పక్క పొలం అతనిదో దొరికితే చాలాసార్లు అదే ఊరవుతుంది.

ఓడ జాబితాల్లో హాంబుర్గ్‌వి 1850 నుంచి 1934 దాకా మిగిలున్నాయి, వాటిలో ప్రయాణికుడు ఏ ఊరి నుంచి వస్తున్నాడో ఉంటుంది. బ్రేమెన్ నుంచి ఎక్కి ఉంటే దురదృష్టం. అక్కడి జాబితాలు చాలావరకు చోటు చాలడం లేదని ఆఫీసువాళ్లే పారేశారు, మిగిలినవి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి, 1920 తర్వాతివి కొన్ని మాత్రం ఉన్నాయి.

ఇంటిపేరు సంగతి. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో. 1880ల్లో న్యూయార్క్‌లో దిగినవాడు దిగేది అంతకు ముందున్న వలస కేంద్రం కాసిల్ గార్డెన్‌లో. పైగా ఎల్లిస్ ఐలాండ్ క్లర్కులు పేర్లు కొత్తగా రాసినవాళ్లు కాదు, ఓడ బయల్దేరిన రేవులో తయారైన జాబితా పట్టుకుని పిలిచినవాళ్లు. వియ్యంకుడు గారితో వాదన పెట్టుకోమనడం లేదు, ఆ కథ అమెరికాలో ప్రతి ఇంట్లోనూ ఉంది. పేర్లు మారింది తర్వాత, నెమ్మదిగా, చాలాసార్లు వాళ్ల ఇష్టంతోనే. మ్యుల్లర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు, త్సిమ్మర్‌మాన్ కార్పెంటర్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి జర్మన్ మాట్లాడితేనే అనుమానంగా చూసే రోజులు వచ్చాయి. ఎనిమిదో తరగతి పాసవక ముందు పిల్లలకు ఏ విదేశీ భాషా నేర్పకూడదని 1919లో చట్టం చేసింది మీ వియ్యంకుల రాష్ట్రమే. హాంప్టన్ అనే ఊళ్లో ఒక లూథరన్ బడి పంతులు పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పాడని జరిమానా వేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచాడు. మీ వియ్యంకుల ఇంట్లో జర్మన్ ఎందుకు మిగల్లేదో మీ మనవడు అడిగితే ఇది చెప్పండి, మీరూ పంతులే కదా.

ఊరి పేరు దొరికాక కూడా వెంటనే సంబరపడొద్దు. మన దగ్గర కొత్తపల్లి అంటే ఏ మండలం కొత్తపల్లి అని అడిగినట్టే, నాయ్‌డోర్ఫ్, నాయ్‌స్టాట్ లాంటి పేర్లతో అక్కడ లెక్కలేనన్ని ఊళ్లు. మేయర్స్ గెజిటీర్ అని 1912 ప్రాంతం నాటి పెద్ద నిఘంటువు, ఊళ్ల పేర్లది ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితం. ఒక్కో ఊరికీ అది ఏ జిల్లా, స్టాండెస్‌ఆమ్ట్ ఏది, ఊళ్లో చర్చి ఉందా పక్క ఊరికి పోవాలా అన్నీ చెప్తుంది. అక్కడి నుంచి దారి సాఫీ. ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలకు ఆర్కియోన్ అనే సైటు ఉంది, డబ్బు కట్టాలి. కాథలిక్ పుస్తకాలకు మాట్రికులా ఉంది, ఉచితం, ఆస్ట్రియావి కూడా అందులోనే. రెండింటికీ కలిపి ఫ్యామిలీసెర్చ్ ఉచితంగా చూసుకోవచ్చు. ఏ సైట్లోనూ అన్ని ఊళ్లూ ఉండవు.

ఇంకో మాట. మీ ఇంటిపేరు రాజచిహ్నం ఇదిగో అని ఫ్రేము కట్టి అమ్మేవాళ్లు తగులుతారు. జర్మన్ చిహ్నాలు ఒక్కో కుటుంబానికి చెందినవి, ఇంటిపేరు కలిసినవాళ్లందరివీ కావు. ఆ డబ్బుతో మనవడికి ఏదైనా కొనిపెట్టండి.

ప్రశ్న: మా అల్లుడి ముత్తాతది జర్మనీ, ఊరి పేరు కూడా మా దగ్గర ఉంది. మా చిన్నమ్మాయి మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్ చేస్తోంది. ఆ ఊరికి పోయి అడిగి కాగితాలు తెమ్మందామా? - కరీంనగర్

జవాబు: అమ్మా, పోవచ్చుగానీ చెప్పకుండా పోతే తలుపు తాళం చూసి రావాల్సిందే. చిన్న ఊళ్ల చర్చి పుస్తకాలు చాలావరకు ఇప్పుడు ఊళ్లో లేవు, ప్రాంతీయ చర్చి ఆర్కైవుకు చేరాయి. ముందు మెయిలు పెట్టి రోజు తీసుకోవాలి. స్టాండెస్‌ఆమ్ట్ కాగితాలకు ఒక లెక్క ఉంది. పుట్టుక రికార్డు 110 ఏళ్లు, పెళ్లిది 80, మరణానిది 30 దాటితే ఆర్కైవుకు వెళ్తుంది, ఎవరైనా అడగొచ్చు. అంతకన్నా కొత్తవైతే నేరుగా ఆ వంశంవాళ్లకే ఇస్తారు. మీ అమ్మాయి అల్లుడికి మరదలే తప్ప ఆ వంశం కాదు కాబట్టి, అల్లుడి సంతకంతో అధికార పత్రం, ఆయన ఆ ముత్తాతకు వారసుడని చూపే జనన ధ్రువపత్రాలు వరసగా పంపించమనండి. మ్యాపులో ఊరు ఎక్కడుందో కూడా ఒకసారి చూడండి. సైలీషియా, పొమరేనియా, తూర్పు ప్రష్యా వైపుదైతే ఆ ఊరు 1945 తర్వాత చాలావరకు పోలండ్‌లో ఉంది, పేరు కూడా మారిపోయి ఉంటుంది. అప్పుడు మీ అమ్మాయి మాగ్డెబుర్గ్‌లో ఉండి లాభం లేదు. పోలండ్ ప్రభుత్వ ఆర్కైవుల సైట్లో వెతకాలి, లేకపోతే బెర్లిన్‌లోని ఒకటో నంబరు స్టాండెస్‌ఆమ్ట్‌కు రాయాలి. తూర్పు ప్రాంతాల రిజిస్టర్లలో దక్కినవి కొన్ని అక్కడున్నాయి. చదువు మధ్యలో పిల్లకు ఈ టెన్షన్ ఎందుకు, సెలవుల్లో పెట్టుకోమనండి.

ప్రశ్న: చర్చి పుస్తకం పేజీ దొరికింది, కానీ ఒక్క అక్షరం అర్థం కావట్లేదు. మా కోడలికి జర్మన్ వచ్చు, ఆమె కూడా చదవలేకపోతోంది. - సిద్దిపేట

జవాబు: ఇప్పటి జర్మన్లు కూడా చదవలేరండి, అందులో ఆమె తప్పేం లేదు. అది కుర్రెంట్ అనే పాత చేతిరాత. బళ్లలో 1941లో ఆపేశారు, తర్వాత పుట్టినవాళ్లకు అలవాటు పోయింది.

మీరు పంపిన పేజీలాంటివి చదివేటప్పుడు మొదటి వరుస నుంచి మొదలుపెట్టొద్దు. బాప్తిస్మం పుస్తకం అంటే గళ్లు గీసిన పట్టిక: వరుస సంఖ్య, బిడ్డ పేరు, పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, తండ్రి పేరు, వృత్తి, తల్లి, చివర సాక్షులు. ముందు మీకు తెలిసిన ఇంటిపేరు ఆ పాస్టర్ ఎలా రాశాడో కనిపెట్టండి, ఆ అక్షరాలతో మిగతావి విప్పుకుంటూ పోవచ్చు. ఈ లిపిలో ఇంగ్లిషు ఇ (e) అచ్చం ఎన్‌లా ఉంటుంది. ఎన్, యు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి యు నెత్తిన చిన్న వంపు గీత పెట్టేవాళ్లు, దాన్ని చుక్కలనుకుని చాలామంది పేరే మార్చేస్తారు. నెలల దగ్గర ఇంకో గుంట ఉంది. 7 అంకె వేసి పక్కన బర్ అని ఉంటే జులై కాదు, సెప్టెంబరు. 8 అయితే అక్టోబరు, 9 నవంబరు, 10 డిసెంబరు. ఇది తెలియక రెండు నెలలు అటూ ఇటూ చేసి ఒకే బిడ్డను ఇద్దరిని చేసిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. నక్షత్రం గుర్తు పుట్టుకకు, శిలువ గుర్తు మరణానికి.

పేర్ల విషయం కూడా చూసుకోండి. ఇంట్లో అన్నదమ్ములందరికీ ముందు యోహాన్ అనే ఉంటుంది, పిలిచేది రెండో పేరుతో. అమెరికాలో హెన్రీగా తిరిగినవాడు ఇక్కడ యోహాన్ హైన్‌రిఖ్ అయ్యుంటాడు. కొన్ని పుస్తకాల్లో పిలిచే పేరు కింద గీత గీసి ఉంటుంది. అమ్మాయి ఇంటిపేరు చివర 'ఇన్' కనబడితే అది వేరే ఇంటిపేరు కాదు, ఆడవాళ్లకు అలా చేర్చేవారు. వెస్ట్‌ఫాలియా వైపుదైతే ఇంకో తిరకాసు, అక్కడ భార్య పొలానికి ఇల్లరికం వెళ్లినవాడు ఆ పొలం పేరునే ఇంటిపేరుగా పెట్టుకునేవాడు. అన్నకు ఒక ఇంటిపేరు, తమ్ముడికి ఇంకోటి ఉండొచ్చు.

కంప్యూటర్ సాయం కావాలంటే ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్ ఈ లిపిని బాగానే చదువుతుంది. ఊళ్ల పేర్ల దగ్గర మాత్రం దాన్ని నమ్మకండి.

ప్రశ్న: మా అల్లుడు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే జర్మన్ అని వచ్చింది. దాంతో ఊరు తెలుస్తుందా? - మంచిర్యాల

జవాబు: తెలియదు. ఆ శాతాలు ఒక్కో కంపెనీది ఒక్కో అంచనా, అంతే. పనికొచ్చేది కింద ఇచ్చే బంధువుల జాబితా. అందులో ఒకే ముత్తాత నుంచి వచ్చిన దాయాది ఎవరైనా ఉంటే వాళ్ల ఇంట్లో ఊరి పేరు ఉండొచ్చు, మర్యాదగా మెసేజ్ పెట్టి అడగమనండి. మీ మనవరాలికి కూడా చేయిద్దామని రాశారు, వద్దండి, పెద్దయ్యాక ఆమే నిర్ణయించుకుంటుంది.

ప్రశ్న: మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. మా తాతకు బాప్తిస్మం ఇచ్చిన దొర ఇంట్లో జర్మన్ మాట్లాడేవాడని మా నాయనమ్మ చెప్పేది. మా బాపు మాత్రం ఆయన రష్యా నుంచి వచ్చాడంటాడు. మిషన్ చూస్తే అమెరికా వాళ్లది. ఈ మూడిట్లో ఏది నిజం? ఆ దొర వంశంవాళ్లు ఇప్పుడు ఎక్కడైనా ఉన్నారా? - జనగామ

జవాబు: మూడూ నిజం కావచ్చు, మీ నాయనమ్మ మాట కొట్టేయకండి. ఈ విడతలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే.

మెన్నొనైట్లు అని ఒక క్రైస్తవ శాఖ ఉంది. ఆయుధం పట్టం అనేది వాళ్ల నియమం. మూలం నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ ప్రాంతాలు. పదహారో శతాబ్దంలో అక్కడ వేధింపులు భరించలేక ఇప్పటి పోలండ్‌లో విస్టులా నది సముద్రంలో కలిసే చిత్తడి నేలలకు వెళ్లి, కట్టలు కట్టి సాగు చేశారు. ఆ ప్రాంతం ప్రష్యా చేతికి వచ్చాక సైన్యంలో చేరనివాళ్లకు కొత్త భూములు కొనడం కష్టమైపోయింది. అప్పుడు రష్యా పిలుపు అందుకుని 1789లో ద్నీపర్ నది ఒడ్డున ఖొర్టిట్సా, 1804లో మొలోచ్నా అనే కాలనీలు పెట్టుకున్నారు, అవి ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి. రష్యా పౌరులే అయినా ఇంట్లో ప్లౌట్‌డీచ్ అనే జర్మన్ యాస, చర్చిలో శుద్ధ జర్మన్. 1860లో వాళ్లలోంచే మెన్నొనైట్ బ్రెదరెన్ అనే చర్చి పుట్టింది.

ఆ చర్చికి చెందిన అబ్రహం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో రష్యా నుంచి బయల్దేరి నిజాం రాజ్యంలో నల్గొండకు వచ్చారు. రష్యా చర్చికి ఇక్కడ సొంత మిషన్ లేదు కాబట్టి అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పని చేశారు. తర్వాత అదే దారిలో ఇంకొందరు వచ్చారు, పని సూర్యాపేట, జనగామ వైపు కూడా సాగింది. డబ్బు రష్యాలోని జర్మన్ రైతుల కానుకల నుంచి వచ్చేది, 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చి అది తెగిపోయింది. పాలమూరు వైపు పని చేసినవాళ్లు వేరు, వాళ్లు ఇదే శాఖకు చెందిన అమెరికా చర్చివాళ్లు, 1899లో హైదరాబాద్ వచ్చారు. రెండూ కలిపేయొద్దు.

ఆ దొర వంశం దొరకడం మిగతా జర్మన్లకన్నా తేలిక. మెన్నొనైట్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇంటిపేర్లు తక్కువ: ఫ్రీసెన్, పెన్నర్, ఉన్రూ, వీన్స్, యాన్‌త్సెన్, డిక్. వంశాలన్నీ కలిపి గ్రాండ్‌మా అనే ఒక డేటాబేసులో ఎక్కించారు, అందులో పది లక్షలకు పైగా మనుషులున్నారు. కాస్త చందా కడితే చూడొచ్చు. అదే పేరున్నవాళ్లు వందల్లో తగులుతారు, భార్య పేరు కూడా తెలిస్తే గానీ తేలదు. 1870ల్లో సైన్యం మినహాయింపు తీసేస్తామన్నప్పుడు కొందరు, 1920ల్లో విప్లవం తర్వాత ఇంకొందరు కాన్సాస్‌కూ కెనడాకూ వెళ్లిపోయారు, కాబట్టి మీ దొరగారి మనవళ్లు ఉంటే అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

మీరు చేయాల్సింది: ముందు మీ చర్చిలో పాత బాప్తిస్మం రిజిస్టరు ఉందేమో పాస్టరు గారిని అడగండి, మీ తాత పేరు పక్కన దొర సంతకం ఇంగ్లిషులో ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి. తర్వాత రెండు చోట్లకు రాయండి. మిషన్ కాగితాల కోసం అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు చరిత్ర సంఘానికి, కుటుంబం కోసం కెనడా విన్నిపెగ్‌లోని మెన్నొనైట్ బ్రెదరెన్ అధ్యయన కేంద్రానికి. ఉత్తరంలో దొర పేరు, భార్య పేరు, ఏ ఊరి మిషన్‌లో పని చేశాడు, ఏ ఏళ్లు అన్నవి రాసి ఆ సంతకం ఫోటో జత చేయండి. జనగామ స్పెల్లింగు వాళ్ల పాత కాగితాల్లో ఇప్పటిలా ఉండకపోవచ్చు, అందుకని రైల్వే స్టేషను ఉన్న ఊరనీ పాత నల్గొండ జిల్లాలోదనీ ఒక ముక్క చేర్చండి.